మాట తెప్పిస్తామని కట్టించుకున్న ప్యాకేజీపై ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,
హోమియో క్లినిక్స్ హెడ్ ఆఫీసు, హైదరాబాదు.

విషయం: విజయవాడ బ్రాంచిలో మా నాన్నగారి పేరు మీద తీసుకున్న ఏడాది ప్యాకేజీ రద్దు, డబ్బు వాపసు.

అయ్యా,

మా నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. నిరుడు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట రాలేదు. ఎదురుగా ఉన్న వస్తువేమిటో ఆయనకు తెలుసు, పేరు మాత్రం నోటికి అందదు. పెన్ను చూపిస్తే పెన్ను అంటారు. తర్వాత గ్లాసు చూపించినా పెన్నే, దువ్వెన చూపించినా పెన్నే. తప్పు పలుకుతున్నానని తెలిసి ఆయనే విసుక్కుంటారు. న్యూరాలజిస్టు దీన్ని అఫేసియా అన్నారు. మెదడులో ఎడమవైపు భాషను నడిపే భాగం దెబ్బతినడం వల్ల వచ్చిందని, స్పీచ్ థెరపీ ఆపకుండా చేయించమని, మొదటి నెలలు చాలా ముఖ్యమని చెప్పారు.

థెరపీ నడుస్తుండగానే అమ్మ టీవీలో మీ ప్రకటన చూసింది. నత్తి, మాట తడబాటు, మతిమరుపు అన్నీ మూలం నుంచి నయం చేస్తామని అందులో ఉంది. మీ బ్రాంచికి వెళితే డాక్టరు గారి కన్నా ముందు కౌన్సెలర్ మాట్లాడారు. ఏడాది ప్యాకేజీ ₹42,000, ఈ రోజే కడితే డిస్కౌంటు అన్నారు. అమ్మ కార్డు మీద అక్కడికక్కడే కట్టించుకున్నారు. ఇంతవరకైతే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మందు పని చేయాలంటే స్పీచ్ థెరపీ ఆపాలని, రెండూ కలిస్తే మెదడు మీద ఒత్తిడి పడుతుందని అదే కౌన్సెలర్ చెప్పారు. నా ఫిర్యాదంతా ఈ ఒక్క మాట మీదే. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్ర మానమని మీవాళ్ళు అనలేదు, అది ఒప్పుకుంటాను.

అమ్మ నమ్మింది. నాలుగు నెలలు థెరపీ ఆగిపోయింది.

సీసాల మీద మందు పేరు లేదు, ఒకటి, రెండు, మూడు అని అంకెలే. గట్టిగా అడిగితే డాక్టరు గారు నోటిమాటగా అనకార్డియం 200, స్ట్రామోనియం 200 అన్నారు. మొదటిది చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, రెండోది ఉమ్మెత్త. 200 అంటే వందో వంతు చొప్పున 200 సార్లు పలచన చేయడం. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టమని ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్ళకూ తెలుసు. హోమియో మన దేశంలో గుర్తింపు ఉన్న వైద్యమే, కాదనను. కానీ ఏ జబ్బుకైనా అది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో చెప్పింది. దాని మీద మీకు వేరే అభిప్రాయం ఉండవచ్చు, ఆ వాదన ఇక్కడ వద్దు.

ఈ మధ్య రివ్యూకు వెళ్ళినప్పుడు నాన్నగారి చేత వారాల పేర్లు, రెండో ఎక్కం చెప్పించారు. ఆయన గడగడా చెప్పారు. చూశారా, జ్ఞాపకశక్తి తిరిగొస్తోంది అని కౌన్సెలర్ ఫైల్లో రాసుకున్నారు. పక్షవాతం వచ్చిన రెండో వారంలోనే ఆయన ఎక్కాలు చెప్పారు. ఇలా వరసగా నోటికి వచ్చేవి అఫేసియాలో చాలామందికి చెక్కుచెదరవని థెరపిస్టు అప్పుడే వివరించారు. ముప్ఫై ఏళ్ళు ఎక్కాలు చెప్పిన మాస్టారు ఎక్కం చెప్పడం మీ మందు గొప్పేమీ కాదు. అదే రోజు ఇంటికొచ్చి మంచినీళ్ళు అడగబోయి ‘బస్సు, బస్సు’ అన్నారు.

1945 నాటి ఔషధ నియమాల్లో షెడ్యూల్ జె అనే పట్టిక ఉంది. నయం చేస్తామని మందులు చెప్పుకోకూడని జబ్బుల జాబితా అది. అందులో నత్తి ఉంది, జ్ఞాపకశక్తి పెంచడమూ ఉంది. అది హోమియోకు వర్తించదని మీ లాయరు అనవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం ఏ వైద్యాన్నీ మినహాయించలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే ₹10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

నేను కోరేది: ప్యాకేజీ రద్దు చేసి మిగిలిన ఎనిమిది నెలల డబ్బు ₹28,000 అమ్మ కార్డుకే తిరిగి వేయండి. ఇచ్చిన ప్రతి మందు పేరు, పొటెన్సీ (200 లాంటి పలచన అంకె) రాతపూర్వకంగా, కేస్ షీట్ కాపీతో సహా పంపండి. స్పీచ్ థెరపీ ఆపమని ఇక ఎవరికీ చెప్పవద్దని అన్ని బ్రాంచిలకూ రాసి, ఆ ఉత్తరం నకలు నాకు ఇవ్వండి. డబ్బు కాస్త ఆలస్యమైనా ఊరుకుంటాను గానీ బ్రాంచిలకు రాసే ఆ ఉత్తరం విషయంలో ఊరుకోను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను. రసీదు, ప్రకటన రికార్డింగ్ నా దగ్గర ఉన్నాయి.

ఇంకొకటి. మీ టెలీకాలర్లు ఫాలోఅప్ అంటూ నాన్నగారి నంబరుకే ఫోన్ చేస్తున్నారు. ఆయన ఎత్తి, మాట రాక, చెమటలు పట్టి కూర్చుండిపోతున్నారు. ఆ నంబరు ఈ రోజే మీ లిస్టులోంచి తీసేయండి. ఏదైనా ఉంటే ఈ ఉత్తరం వచ్చిన ఈమెయిల్‌కే రాయండి.

ఇట్లు,
పేషెంటు కుమార్తె
విజయవాడ