గిరీశం ఆ మాట ఎప్పుడన్నాడు?

సంపాదకులు గారికి నమస్కారం.

గెలవాల్సిన మ్యాచ్ పోయినా, పెద్ద నాయకుడు ఎన్నికల్లో ఓడినా మన పత్రికల్లో ఒకటే హెడ్డింగు: "డామిట్, కథ అడ్డం తిరిగింది!" చదవడానికి సరదాగానే ఉంటుంది గానీ, అదేదో పాత సినిమా డైలాగు అనుకునే పిల్లల్ని చూస్తుంటే నాకు బాధేస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

అది గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం అనే పాత్ర అనే ఆఖరి మాట. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి మార్చి మళ్లీ వేశారు. ఇవాళ మనం చదివేది ఆ రెండో కూర్పే.

గిరీశం ఓడిపోయింది ఏ ఆటలోనో కాదు. అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో ఆ ఇంట్లో చేరి, ఆయన పెద్ద కూతురు బుచ్చమ్మను, చిన్నప్పుడే మొగుడు పోయిన అమాయకురాలిని, మాయమాటలు చెప్పి లేవదీసుకుపోయాడు. పైగా వితంతు వివాహం చేసుకునే సంస్కర్తనని వకీలు సౌజన్యారావు పంతుల్ని నమ్మించాడు. ఆ ముసుగు తీసేసింది ఎవరు? మధురవాణి, పెద్దమనుషులు గడప తొక్కనివ్వని వేశ్య! పంతులు గారు పెళ్లి మాట పక్కన పెట్టి బుచ్చమ్మను పూనాలో వితంతువుల శరణాలయానికి పంపిద్దామంటారు, అప్పుడు గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అనుకుంటూ వెళ్లిపోతాడు. అడ్డం తిరిగింది వాడి కథే, బుచ్చమ్మ బతుకు అక్కడే కాస్త దారిలో పడింది. వితంతు వివాహం మంచిదే అయినా ఆ పేరు చెప్పి ఒక మోసగాడి చేతిలో ఆడపిల్లను పెట్టనన్నాడు గురజాడ, నా దృష్టిలో ఆ నాటకం గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇక ఆ నాటకంలోని నవ్వు వెనక ఉన్నదేమిటో మొదటి కూర్పు ముందుమాటలో ఆయనే రాశారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి లెక్క తీయిస్తే విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్నవి, తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్ల పిల్లలు. ముగ్గురికైతే ఏడాది వయసు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు జరిగేవట!

ఆ మాట వాడొద్దని నేననడం లేదు, వాడండి. కానీ ఒక్క ఆదివారం మీ అనుబంధంలో ఆ చివరి రంగం మొత్తం అచ్చు వేయండి. గురజాడ గారు 1915లోనే పోయారు కాబట్టి కాపీరైటు ఇబ్బంది కూడా ఉండదు. బడిపిల్లలు గట్టిగా చదువుకునేలా అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే ఇంకా మంచిది.

- ఒక పాఠకుడు, బొబ్బిలి