శాట్ స్కోరు పంపాలా, వద్దా?

పన్నెండో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు నమస్కారం.

అమెరికాలో డిగ్రీ చదువుకు పిల్లల చేత దరఖాస్తు చేయిస్తున్న మీలో చాలామంది, అక్కడి కళాశాలల ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్ష స్కోరు పంపాలా, వద్దా అని నెల రోజులుగా అడుగుతున్నారు. అన్ని కళాశాలలకూ సరిపోయే జవాబు దీనికి లేదు కనుక, పిల్లలతో కూర్చుని మీరే ఒక నిర్ణయానికి రావడానికి పనికొచ్చే సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

కరోనా కాలంలో చాలా విశ్వవిద్యాలయాలు స్కోరును ఐచ్ఛికం చేశాయి. ఆ సడలింపు ఇంకా అన్నిచోట్లా ఉందనుకోకండి. పరీక్షను మళ్లీ తప్పనిసరి చేస్తున్నట్లు ఎంఐటీ 2022లోనే ప్రకటించగా, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో అదే దారి పట్టాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్ ప్రాంగణాలున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మాత్రం ప్రవేశ నిర్ణయంలో స్కోరును చూడనే చూడదు. బంధువుల అబ్బాయి మూడేళ్ల కిందట ఏం చేశాడన్నది కాకుండా, ఆ కళాశాల వెబ్‌సైటులో ఈ ఏడాదికి ఏం రాసి ఉందో చదవండి.

అసలు చిక్కు స్కోరు ఐచ్ఛికమైన కళాశాలలతోనే. నిరుడు మా విద్యార్థిని ఒకరు 1600కు 1390 స్కోరుతో నా గదికి వచ్చింది. లెక్కల్లో 790, ఇంగ్లిషులో 600. ఎక్కడికీ పంపవద్దని వాళ్ల నాన్నగారి పట్టుదల. ఆమె ఎంచుకున్న ఎనిమిది కళాశాలల పేర్లు ఒక కాగితం మీద రాయించి, ఒక్కో పేరు పక్కన అక్కడ చేరినవారిలో మధ్య సగం మంది (పై పావు వంతు, కింది పావు వంతు వదిలేస్తే మిగిలినవారు) స్కోర్లు ఎంత నుంచి ఎంత వరకు ఉన్నాయో, రెండు విభాగాలకూ విడివిడిగా వేయించాను. మూడు చోట్ల ఆమె స్కోరు బాగా కింద ఉంది. మిగిలిన అయిదింటిలో మొత్తం స్కోరు ఆ హద్దుల్లోనే ఉండగా, ఇంజినీరింగ్‌కు కీలకమైన లెక్కల స్కోరు పై అంచును తాకింది. ఆ అయిదింటికీ పంపింది.

కళాశాలలు ప్రకటించే ఆ అంకెలు స్కోరు పంపినవారివి మాత్రమే. తక్కువ వచ్చినవారు పంపకపోవడం వల్ల అవి పైకి జరుగుతాయి కాబట్టి, పది ఇరవై మార్కులు తగ్గినంత మాత్రాన దాచుకోనక్కర్లేదని నా అభిప్రాయం. తగిన అవకాశాలు లేని నేపథ్యం నుంచి వచ్చినవారిలో కొందరు, తమకు మేలు చేసే స్కోరునే పంపకుండా ఆపేసుకుంటున్నారని డార్ట్‌మత్ తన నిర్ణయానికి కారణంగా చెప్పింది. మన బడి పేరు అక్కడివారు ఎన్నడూ విని ఉండకపోవచ్చు, మన మార్కుల పద్ధతి వారికి కొత్త కావచ్చు. శాట్ అంకె మాత్రం ఎవరూ విడమరచి చెప్పకుండానే వారికి అర్థమవుతుంది.

ఇక పేరు సంగతి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన ఇళ్లలో మామూలే. శాట్ ఖాతాలోనూ దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయించండి. పేర్లు కలవకపోతే స్కోరు దరఖాస్తుతో జతపడటం ఆలస్యమవుతుంది. పరీక్ష జరిగిన 9 రోజుల్లోపు ఎంచుకుంటే నాలుగు కళాశాలలకు స్కోరు ఉచితంగా వెళుతుంది, ఆ తర్వాత ఒక్కోదానికి రుసుము కట్టాలి.

ముందస్తు దరఖాస్తులకు చాలా కళాశాలల్లో నవంబర్ 1 ఆఖరు తేదీ. శనివారాల్లో మధ్యాహ్నం రెండు గంటల నుంచి నేను బడిలోనే ఉంటాను. స్కోరు పత్రం, పాస్‌పోర్టు నకలు, కళాశాలల జాబితా తీసుకుని పిల్లలతో కలిసి రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు