ఆటలోని ఆయుధాల కారుకూ రూపాయల్లో ధర చూపించాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

ఆన్‌లైన్ ఆటల నియంత్రణ కోసం పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసినప్పటి నుంచి ఈ విషయంపై పత్రికల్లో వస్తున్న వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. డబ్బు గెలుస్తామనే ఆశతో డబ్బు ఒడ్డే ఆటలను ఆ చట్టం నిషేధించింది. అంతకుముందే తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ తమ గేమింగ్ చట్టాలను సవరించి పందెపు ఆటలను అడ్డుకున్నాయి. చేయవలసిన పనే చేశారు. అయితే పందెమేమీ లేకుండా, గెలుపు ఓటములతో నిమిత్తం లేకుండా, ఆటలో వాడుకునే ఒక వస్తువు కోసం పిల్లలు అసలు డబ్బు ఖర్చు పెట్టే పద్ధతి ఒకటి ఉంది. దాని గురించి ఇంట్లో మాట్లాడుకోవడమే తక్కువ. మా ఇంట్లో గత నెలలో అలాంటి నిర్ణయం ఒకటి తీసుకోవలసి వచ్చింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, బీటెక్ రెండో సంవత్సరం. సెలవుల్లో జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) ఆన్‌లైన్ అనే వీడియో గేమ్ ఆడతాడు. ఎక్కడెక్కడివారో ఇంటర్నెట్ ద్వారా ఒకే ఊహానగరంలో తిరుగుతూ ఆడే ఆట అది. 2013 అక్టోబరులో మొదలైన ఈ ఆటను యూరప్‌లో పద్దెనిమిదేళ్లు నిండినవారికే తగినదని వర్గీకరించారు. వాడి వయసు దాటింది కాబట్టి ఆడవద్దని నేను అనలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర, "నాన్నా, ఒక్క షార్క్ కార్డు కొనిపెట్టండి, ఆయుధాలున్న కారు కొనుక్కోవాలి" అన్నాడు. షార్క్ కార్డు అంటే అసలు డబ్బు చెల్లించి ఆటలో చెల్లే డాలర్లను కొనుక్కునే కార్డు. కారు పేరు వెపనైజ్డ్ టాంపా. 2017 జూన్‌లో గన్‌రన్నింగ్ అనే అప్‌డేట్‌తో వచ్చింది. పాతకాలపు అమెరికన్ కారు పైకప్పు మీద మినీగన్, అంటే తూటాలను ధారగా కురిపించే తుపాకి, బిగించి ఉంటుంది.

వెంటనే కాదనడం సులభమే. అలా అంటే వాడు నాకు తెలియకుండా స్నేహితుడి ఫోను నుంచి కొనుక్కుంటాడేమో అనిపించింది. అందుకని ఎందుకు కావలసి వచ్చిందో చెప్పమన్నాను. వాడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాడు. ఆటలో వాడికొక చిన్న గోదాము ఉంది. అందులో పదహారు పెట్టెల సరుకు పడుతుంది. మూడు పెట్టెలు 18,000 డాలర్ల చొప్పున అయిదు విడతలు, మిగిలిన ఒక్క పెట్టె 2,000 డాలర్లకు, మొత్తం 92,000 డాలర్లు పెట్టుబడి పెట్టి, ప్రతి విడతకూ ఊరంతా తిరిగి సరుకు తెచ్చి గోదాము నింపాడు. అన్నీ కలిపి అమ్మితే 2,40,000 డాలర్లు వస్తాయి. ఆ సరుకును బండిలో వేసుకుని వెళ్తున్నాడు. మ్యాపు మీద ఒక ఎర్రని చుక్క వాడి వైపు వేగంగా వచ్చింది. ఆకాశంలోంచి ఎవరో ముక్కూ ముఖమూ తెలియని ఆటగాడు ఎగిరే మోటారుసైకిలు మీద వచ్చి రెండు క్షిపణులు వదిలాడు. బండి పేలిపోయింది. అవతలివాడికి దానివల్ల వచ్చిన లాభం ఏమీ లేనంత స్వల్పం. మా వాడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. మూడు సాయంత్రాల శ్రమ పోయిన పిల్లవాడి ముఖం అది. ఆట కదా అని కొట్టిపారేయడం నా వల్ల కాలేదు.

అప్పుడు నోటుబుక్కు తెచ్చి లెక్క మొదలుపెట్టాం. వార్‌స్టాక్ అనే ఆటలోని దుకాణంలో ఈ కారు ధర 21,08,050 డాలర్లు. కొన్ని మిషన్లు, అంటే ఆట అప్పగించే పనులు, పూర్తిచేసినవారికి ట్రేడ్ ప్రైస్ పేరుతో 15,85,000కు ఇస్తారు. అంటే అదే కారు మీద ఓపిక పట్టినవాడికి 5,23,050 డాలర్లు మిగులుతాయి. ఈ సంగతి మా వాడికి తెలియదు. పది రోజుల ఆటను లెక్కకట్టి చూస్తే వాడి సంపాదన గంటకు సగటున 2,20,000 డాలర్లని తేలింది. ఆ లెక్కన కారు ఒక్కదానికే తొమ్మిదిన్నర గంటలు పడుతుంది.

కారు ఒక్కదానితో పని ముగియలేదు. దుకాణం బొమ్మలో ఉండే హంగులన్నీ కొన్న వెంటనే రావు. పైకప్పు మీది మినీగన్ ముందుకే పేలుతుంది. కారు ముక్కు ఎటుంటే తూటాలు అటే పోతాయి. ముందు భాగంలో క్షిపణులు, వెనుక మోర్టారు, చుట్టూ తిరిగే జంట మినీగన్ కావాలంటే వాటిని మామూలు గ్యారేజీలో బిగించరు. మొబైల్ ఆపరేషన్స్ సెంటర్ అనే పెద్ద ట్రక్కో, అలాంటి మరో వాహనమో కొని, అందులో ఆయుధాల వర్క్‌షాప్ పెట్టించుకోవాలి. ఆ ట్రక్కు ప్రారంభ ధర 12,25,000. ట్రక్కు కొనాలంటే ముందు బంకరు, అంటే నేల కింద స్థావరం, ఉండాలి. వాటిలో చౌకైనది పలేటో ఫారెస్ట్‌లో 11,65,000. ఈ మూడూ కలిపితే 44,98,050 డాలర్లు. వర్క్‌షాప్‌కూ ఆయుధాలకూ మళ్లీ వేరే చెల్లించాలి. తొమ్మిదిన్నర గంటలు అనుకున్నది ఇరవై గంటలు దాటిపోయింది. బంకరు మాత్రం ఆదాయం తెచ్చే వ్యాపారం కనుక దానిని పూర్తిగా ఖర్చు కింద రాయవద్దని మా వాడు వాదించాడు. ఆ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకున్నాను. కారు మాత్రం ఖర్చే. దానిని తిరిగి అమ్మినా కొన్న ధరలో సుమారు 60 శాతమే చేతికొస్తుంది.

ఇక అసలు ప్రశ్న దగ్గరకు వచ్చాం. వాడి సరుకును పేల్చింది ఆకాశం నుంచి వచ్చిన శత్రువు. వాడు కొనాలనుకుంటున్న కారు తుపాకి రోడ్డు వైపు చూస్తుంది. పైకి గురిపెట్టలేని తుపాకీతో పైనుంచి వచ్చేవాడిని ఎలా ఆపుతావని అడిగితే, వాడే కాసేపు ఆలోచించి, "అయితే డీలక్సో కొనాలి నాన్నా, అది ఎగురుతుంది, క్షిపణులు కూడా ఉంటాయి" అన్నాడు. డీలక్సో 2017 డిసెంబరులో వచ్చింది. అప్పట్లో ధర 47,21,500. 2022 జూలైలో 57,50,000కు పెంచారు. మా వాడిని పేల్చిన ఎగిరే మోటారుసైకిలు, అంటే ఆప్రెసర్ మార్క్ టూ, 2018లో 38,90,250కు దొరికేది. దానినీ 2022 జూలైలోనే 80 లక్షలు చేశారు. టాంపాకు జవాబు డీలక్సో, దానికి జవాబు మార్క్ టూ, దానికి జవాబు రేపు రాబోయే మరొకటి. భయపడి కొనడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఆ దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఆ రాత్రే మాకు మరొక విషయం తెలిసింది. 2022 జూలైలో వచ్చిన క్రిమినల్ ఎంటర్‌ప్రైజెస్ అప్‌డేట్ తర్వాత, గోదాము సరుకును ఇన్వైట్ ఓన్లీ సెషన్‌లో, అంటే మనం పిలిచినవారు తప్ప వేరెవరూ రాలేని చోట, అమ్ముకోవచ్చు. అంతకుముందు ముప్పైమంది తిరిగే పబ్లిక్ సెషన్‌లోనే అమ్మాలనే నియమం ఉండేది. అప్పట్లో ఆయుధాల కారు కొన్నవారి నిర్ణయాన్ని తప్పుపట్టలేం. వారికి అది అవసరం. ఇప్పుడు పబ్లిక్ సెషన్‌లో అమ్మితే మనుషుల సంఖ్యను బట్టి కొంత బోనస్ వస్తుంది, అంతే తేడా. ఆ బోనస్ ఆశతోనే మా వాడు పబ్లిక్ సెషన్‌లోకి వెళ్లాడు. అంటే వాడి సమస్యకు పరిష్కారం పైసా ఖర్చు లేకుండా మెనూలోనే ఉంది.

అలాగని ఆయుధాల కారు ఎవరికీ వద్దని నేను చెప్పడం లేదు. కంప్యూటరు నడిపించే శత్రువుల గుంపుల మీదికి వెళ్లే మిషన్లలో ఆ మినీగన్ పనికొస్తుంది. నేనే కూర్చుని చూశాను. అయితే ఆ పనికే 2015 మార్చిలో వచ్చిన ఆర్మర్డ్ కురుమా ఉంది. దాని అద్దాలు తూటాలను చాలావరకు ఆపుతాయి. ధర 6,98,250, ట్రేడ్ ప్రైస్ 5,25,000. దానికి సొంత ఆయుధం లేదు, క్షిపణి తగిలితే నిలవదు. మా వాడి సంపాదనకు మూడు గంటల పని. ఇంకొంత పెట్టుకోగలిగినవారికి నలుగురు కూర్చునే నైట్‌షార్క్ 12,45,000కు వస్తుంది. కారు సరదా కోసమే కొనుక్కుంటానంటే, ఆటలో సంపాదించిన డబ్బుతో కొనుక్కుంటే, అది వాడి ఇష్టం. దానికి నేను అడ్డు చెప్పలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాను. చేతిలో క్షిపణి ఉంది కదా అని ఇతరుల సొంత కార్లను పేలుస్తూ పోతే, ఆట అలాంటివారిని బ్యాడ్ స్పోర్ట్ అని ముద్రవేసి, అలాంటివారే ఉండే సెషన్‌లో పడేస్తుంది. తన సరుకు పోయిన బాధ తెలిసినవాడు ఇంకొకరి బండి జోలికి పోకూడదని వాడే అన్నాడు.

అసలు డబ్బు సంగతి వేరు. అమెరికాలో పెద్ద షార్క్ కార్డు అయిన మెగాలోడాన్ ధర 99.99 డాలర్లు. చిన్న కార్డుల నుంచి పెద్ద వాటి వరకు ఏ కార్డు మొత్తమూ మేము చూసిన ఏ కారు ధరతోనూ సరిపోదు. కారు కొన్నాక ఖాతాలో కొంత మిగులుతుంది, ఆ మిగిలినది ఇంకో వస్తువు కొనమని ఊరిస్తుంది. కారు పక్కన ఆట డాలర్లే కనిపిస్తాయి. అది మన జేబులోంచి ఎన్ని రూపాయలో ఎక్కడా రాయరు. ఇంకొక మాట. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాల మీద జీటీఏ ఆన్‌లైన్ సేవలను 2021 డిసెంబరు 16న నిలిపివేశారు. ఆ యంత్రాల మీదే మిగిలిపోయినవారి గ్యారేజీలు, కార్లు, ఆయుధాలు ఆ రోజుతో పోయాయి. మా వీధిలో ఎవరైనా పాత స్కూటరు కొంటే, కంపెనీ మూతపడినా స్కూటరు ఇంటి ముందే ఉంటుంది. ఈ కారు అలా ఉండదు. కొనే ముందు ఈ విషయం పిల్లవాడికి ఎవరైనా చెప్పాలి. దుకాణం చెప్పదు.

వినియోగదారుల రక్షణ అధికారులకు నా విన్నపం ఇక్కడే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణకు మార్గదర్శకాలు జారీచేసింది. పదమూడు రకాల మోసపూరిత పద్ధతులను అందులో పేర్కొన్నారు. వాటిలో డ్రిప్ ప్రైసింగ్ ఒకటి. మొదట ఒక ధర చూపించి, కొనే దారిలో ఒక్కొక్కటిగా అదనపు ఖర్చులు బయటపెట్టడమే దాని అర్థం. మా నోటుబుక్కులో 21 లక్షల కారు 45 లక్షల వరకు పెరగడం చూసినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. ఆటల్లో అసలు డబ్బు మార్చుకుని వాడే కరెన్సీకి ఈ మార్గదర్శకాలు ఎలా వర్తిస్తాయో అధికారులు స్పష్టంగా ప్రకటించాలి. యూరప్‌లో వినియోగదారుల రక్షణ సంస్థల నెట్‌వర్క్ 2025 మార్చిలో ఆటల కరెన్సీపై కొన్ని సూత్రాలు విడుదల చేసింది. వస్తువు ధరను అసలు డబ్బులోనూ చూపించాలని, అవసరం లేని మొత్తం కొనేలా వినియోగదారుడిని బలవంతపెట్టరాదని వాటిలో ఉంది. ఆ రెండు సూత్రాలు మన దేశానికీ సరిపోతాయి. వీటికి తోడు, వస్తువు పూర్తిగా పనిచేయాలంటే ఇంకా ఏమేమి కొనాలో ధర పక్కనే చూపించాలనీ, సేవ ఎప్పుడైనా ఆగిపోవచ్చని కొనే ముందే తెలియజేయాలనీ కోరుతున్నాను.

అంతవరకూ తల్లిదండ్రులకు మా ఇంట్లో చేసిన పద్ధతే సూచించగలను. పిల్లవాడు కారు అడిగితే ముందు ఆట చూపించమనండి. ఏ ఇబ్బంది తీరడానికి అడుగుతున్నాడో తెలుసుకోండి. ఆ ఇబ్బందిని ఆ కారు నిజంగా తీరుస్తుందా, దానికంటే చౌకైనది ఉందా, ట్రేడ్ ప్రైస్ ఉందా, ఆ వారం తగ్గింపు ఉందా అని కలిసి చూడండి. ఈ ఆటలో తగ్గింపులు గురువారాల్లో మారుతుంటాయి. మా వాడు కార్డు అడగడం మానేశాడు. ముందు బంకరు కొంటానని, టాంపా తగ్గింపులోకి వస్తే అప్పుడు చూస్తానని నోటుబుక్కులో రాసుకున్నాడు. మొన్న ఆదివారం మళ్లీ పదహారు పెట్టెలు నింపి ఇన్వైట్ ఓన్లీ సెషన్‌లో అమ్మాడు. ఈసారి ఆకాశంలోంచి ఎవరూ రాలేదు.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
కాకినాడ.