ఇంట్లో విమానం నడిపితే పైలట్ అయిపోరు

సంపాదకులకు,

ఇంట్లో కంప్యూటర్ మీద సిమ్యులేటర్‌తో, అంటే విమానం నడపడాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో, విమానాలు నడిపేవాళ్ల గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. మా సరదా గురించి రాసేవాళ్లే తక్కువ కాబట్టి సంతోషంగానే మొదలుపెట్టాను గానీ, ఏడాది ప్రాక్టీస్ చేస్తే నిజం విమానం కూడా నడిపేయొచ్చు అన్న చోట ఆగిపోయాను. ఎనిమిదేళ్లుగా వారానికి మూడు నాలుగు రాత్రులు ఈ సిమ్యులేటర్ ముందే కూర్చుంటున్నాను, ఇంట్లోవాళ్ల చేత తిట్లు కూడా తింటున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను, నడపలేం. అలాగని ఇదంతా ఉత్తి వీడియో గేమ్ అని కొట్టిపారేసేవాళ్లతోనూ నాకు పేచీయే.

వచ్చేవి వస్తాయి. చెక్‌లిస్ట్ ప్రకారం ఒక్కో స్విచ్ వేయడం, డయల్స్ చూసి ఎత్తు, వేగం, దిక్కు పట్టుకోవడం, రేడియో సిగ్నల్ వెంట మబ్బుల్లోంచి దిగి సరిగ్గా రన్‌వే ఎదుట తేలడం, ఇవి కూర్చుని ఓపిగ్గా చేస్తే ఎవరికైనా పట్టుబడతాయి. రన్‌వే మీద 27 అని ఉంటే అది 270 డిగ్రీల వైపు, అంటే పడమరకి ఉందని, సెస్నా 172 అనే చిన్న విమానం అయితే 55 నాట్ల వేగం దగ్గర ముక్కు లేపాలని, దిగేటప్పుడు 65 దగ్గర పట్టుకోవాలని నన్ను నిద్రలేపి అడిగినా చెప్తాను.

అసలు సిమ్యులేటర్ పుట్టి నిలదొక్కుకున్నదే ఈ డయల్స్ పని కోసం. 1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ తయారుచేసిన యంత్రం ఒకటుంది. వాళ్ల కుటుంబానిది పియానోలు, ఆర్గన్‌లు చేసే వ్యాపారం, అందుకని ఆర్గన్‌కి వాడే గాలి తిత్తులే పెట్టి, అటూ ఇటూ వాలుతూ తిరిగే చిన్న బొమ్మ విమానం లాంటిది కట్టాడు. మొదట్లో అది వినోద పార్కుల్లో జనాన్ని ఎక్కించుకునే ఆటవస్తువే. 1934లో అక్కడి సైన్యం పైలట్లు విమానాల్లో టపా మోస్తూ చెడు వాతావరణంలో వరసపెట్టి కూలిపోయాక, బయటేమీ కనపడనప్పుడు నడపడం నేర్పడానికి సైన్యం వాటిని కొనుక్కుంది.

కానీ లింక్ యంత్రం కదిలేది, నా కుర్చీ కదలదు. ఇది చిన్న తేడా అనుకుంటే పొరపాటే. నిజం మబ్బులో విమానం మెల్లగా ఒక పక్కకి వాలి తిరుగుతూనే ఉంటే, కాసేపటికి చెవి లోపలి ద్రవం దానికి అలవాటుపడి తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది, తీరా డయల్ చూసి సరిచేస్తే ఇప్పుడు రెండో పక్కకి పడిపోతున్నట్టు ఒళ్లంతా గోల పెడుతుంది. ఒంటి మాట వినకుండా డయల్ మాట వినడమే అక్కడ అసలు విద్య. ఇంట్లో ఒళ్లు ఏమీ అనదు. నేను మబ్బులో అంత ధీమాగా నడిపేది అందుకే, నా గొప్పేం లేదు అందులో.

ల్యాండింగ్‌కి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. చివరి పదడుగుల ఎత్తు కంటి పక్కల నుంచి కనిపించే నేలని బట్టి తెలియాలి, ఒక్క తెర మీద ఆ పక్కలే ఉండవు. కాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఒకే ప్రొపెల్లర్ ఉన్న చిన్న విమానాలు చాలావరకు టేకాఫ్‌లో ఎడమకి లాగుతాయి, కుడి పెడల్ తొక్కి పట్టుకోవాలి. మాలో చాలామంది జాయ్‌స్టిక్ ఒక్కటే కొనుక్కుని ఆ పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తారు, నేనూ మూడేళ్లు అదే చేశాను, తర్వాత పెడల్స్ కొన్నాక మొదటివారం రన్‌వే మీద తిన్నగా పోయింది ఒక్కసారి లేదు. సిమ్యులేటర్ నుంచి వచ్చినవాళ్లు కిటికీలోంచి చూడకుండా డయల్స్‌నే పట్టుకుని కూర్చుంటారని నిజం శిక్షకులు విసుక్కుంటారంటే ఆశ్చర్యం లేదు. శిక్షకుడు లేకుండా, అనుమతి లేని యంత్రం మీద ఇంట్లో గడిపిన గంటలు లైసెన్స్ లెక్కలోకి రావు కూడా.

టెన్షన్ మాత్రం ఒక్కచోట నిజమైనదే దొరుకుతుంది. 2001లో మొదలైన వాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లు కూడా మనుషులే, ఊరికే ఇష్టంతో చేసేవాళ్లు. వాళ్లు చెప్పిన ఎత్తు, దిక్కు పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. మొదటిరోజు నాకు నోరు పెగల్లేదు, నా విమానం పేరే తప్పు చెప్పాను. అక్కడ పాజ్ నొక్కడం కుదరదు మరి! మిగతా రోజుల్లో ఫోన్ మోగితే మూడు వేల అడుగుల ఎత్తున విమానాన్ని అలాగే ఆపేసి వెళ్లి మాట్లాడొస్తాను.

ఇదంతా విని ఎవరికైనా మొదలుపెట్టాలనిపిస్తే, డబ్బు పెట్టక్కర్లేదు, ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉచితం. పెద్ద జెట్ జోలికి పోకుండా సెస్నాతో రన్‌వే చుట్టూ తిరిగి దిగడం వంద సార్లు చేయమనండి.

మీ కథనంలో ఇంకో తప్పు కూడా ఉంది, అది మాత్రం సవరణ వేయాల్సిందే. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం అని రాశారు. కారుకైతే అంతే, విమానంలో ఆ మాట రెక్కకి సంబంధించింది. ముక్కు మరీ ఎత్తేస్తే రెక్క మీద గాలి అంటుకుని పారడం మానేసి విడిపోతుంది, మోసే బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది, ఇంజిన్ ఫుల్లుగా తిరుగుతున్నా సరే. బయటపడాలంటే ముక్కు దించాలి. కిందికి పోతున్నాం కదా అని కొత్తవాడి చెయ్యి ఇంకా వెనక్కే లాగుతుంది, మొదటి నెలలో నేను కూలగొట్టిన విమానాల్లో సగం అలా పోయినవే.

ఇట్లు,
మీ పాఠకుడు