తుప్పు వదిలించండి, ప్లేటింగ్ కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత సామాన్లతో ఇల్లు అలంకరించుకోవడం గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన ఐటమ్ చదివానండి. పాత సైకిల్ లైటు తుప్పు పట్టి దొరికితే బాత్రూం కడిగే యాసిడ్‌లో ముంచి, వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్ది, పైన గోల్డ్ స్ప్రే కొట్టేస్తే షోకేస్‌లో పెట్టుకోవచ్చని రాశారు అందులో. అది చదివాక ఊరుకోలేకపోయా. పాత సైకిల్ లైట్లు, డైనమోలు, బెల్లులు, తుప్పు తినేసిన పార్టులు ఏవి దొరికినా తెచ్చుకుని మళ్ళీ పనిచేసేలా చేసుకోవడం నాకు చాలా ఏళ్ళ నుంచి ఉన్న హాబీ, అందుకే చెప్తున్నా, మీరు రాసినట్టు చేస్తే తుప్పుతో పాటు లైటు కూడా పోతుంది.

బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడేనండి. అది తుప్పుతో ఆగదు, లైటు మీద మెరిసే క్రోమ్ పూతని కూడా కరిగించేస్తుంది, ప్లేటింగ్ చేసేవాళ్ళు పాత క్రోమ్ ఊడగొట్టడానికి వాడేవాటిలో అదీ ఒకటి. పైగా దాని ఆవిరికి పక్కన పెట్టుకున్న మంచి పానాలు, స్క్రూడ్రైవర్లు కూడా తెల్లారేసరికి ఎర్రబడతాయి, మన ఊపిరితిత్తుల సంగతి సరేసరి. పొరపాటున దాన్ని బ్లీచ్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇవేవీ చెప్పకుండా ఇంట్లో చేసుకోండి అని ఎలా రాస్తారు సార్?

అసలు ఆ తుప్పు ఎక్కడిదో ఒక్క ముక్క తెలిస్తే ఎవరూ యాసిడ్ జోలికి పోరు. క్రోమ్ తుప్పు పట్టదు. కానీ ఆ పూతలో కంటికి కనపడని సన్న రంధ్రాలు, పగుళ్ళు ఉంటాయి, వాటిలోంచి తేమ దిగి కింద ఇనుము తుప్పు పడుతుంది, తుప్పుకి ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి అదే రంధ్రంలోంచి పైకి పొంగి క్రోమ్ మీద పరుచుకుంటుంది. అంటే మనకి కనిపించే ఎరుపులో చాలా భాగం పైపైన కూర్చున్నదే, కింద క్రోమ్ చాలాసార్లు బాగానే ఉంటుంది. అల్యూమినియం ఫాయిల్ చిన్న ఉండ చేసి నీళ్ళలో తడిపి నెమ్మదిగా రుద్ది చూడండి, అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు నల్లటి బురదలా ఊడి వస్తుంది, గుడ్డ పెట్టి తుడిస్తే మీ మొహం కనిపిస్తుంది అందులో. చివరికి సన్న సన్న నల్ల చుక్కలు మిగులుతాయి, అవి ఆ రంధ్రాలే, వాటిని అలాగే వదిలేసి కొంచెం మైనం పూస్తే చాలు. వాటిని కూడా పోగొట్టాలని ఎమరీ పేపర్ పట్టుకుంటే ఉన్న క్రోమ్ పోతుంది.

అయితే ఇది క్రోమ్‌కి మాత్రమే. 1920ల చివరిదాకా వచ్చిన లైట్లు ఎక్కువగా నికెల్ పూతవి, పక్కపక్కన పెట్టి చూస్తే నికెల్‌కి కొంచెం పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్‌కి నీలం ఛాయ. నికెల్ మెత్తన, ఫాయిల్ కాదు కదా ఊరికే పాలిష్ పెట్టినా ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. అందుకే ముందు పూత ఛాయ చూడాలి, తర్వాత దాని కింద ఏ లోహమో తెలియడానికి అయస్కాంతం పెట్టి చూడాలి. గట్టిగా అంటుకుంటే లోపల ఇనుము, అంటుకోకపోతే ఇత్తడో అల్యూమినియమో అచ్చులో పోసిన జింకో. ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము వస్తుంది గానీ తుప్పు రాదు, జింకుని పుల్లటి దేనిలో పెట్టినా అది జింకుని తినేస్తుంది.

తుప్పు మరీ లోపలికి దిగిన ఇనప పార్టులకి, అంటే బ్రాకెట్లు, క్లాంపులు, మడ్‌గార్డ్ కడ్డీలు లాంటి వాటికి, నేను ఆక్సాలిక్ యాసిడ్ పొడి గోరువెచ్చటి నీళ్ళలో పలచగా కలిపి నానబెడతా. అది తుప్పుని కరిగే పదార్థంగా మార్చి నీళ్ళలోకి లాగేస్తుంది, క్రోమ్ జోలికీ చాలా రకాల పెయింట్ జోలికీ పెద్దగా పోదు. కానీ విషం అది, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, పొడి పీల్చకూడదు, పిల్లలకి అందకూడదు. గంటగంటకీ తీసి చూసుకోవాలి, అతిగా నానితే పసుపుపచ్చ పొర ఒకటి పట్టుకుంటుంది, దాన్ని వదిలించడం ఇంకో పని. తీశాక వంటసోడా నీళ్ళతో కడిగి వెంటనే పొడిగా తుడిచి నూనె పూసెయ్యాలి, లేకపోతే శుభ్రమైన ఇనుము గాలి తగలగానే మళ్ళీ ఎర్రబడుతుంది. అల్యూమినియం, జింకు పార్టులు మాత్రం ఇందులో వెయ్యొద్దు. చాకలి సోడా నీళ్ళలో తక్కువ వోల్టేజీ డీసీ కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి కూడా ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ పార్టుకి ఎదురుగా రెండో వైరుకి తగిలించే ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టారో ప్రమాదకరమైన క్రోమియం నీళ్ళలోకి వస్తుంది, మామూలు ఇనప ముక్కే పెట్టాలి, హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చెయ్యాలి.

ఇక హెడ్‌లైట్ లోపలి రిఫ్లెక్టర్. దీని గురించి మీ ఐటమ్‌లో ఒక్క మాట లేదు, అసలు లైటు అంటే అదే కదా. చాలావాటికి పలచటి వెండి పూత ఉంటుంది, నల్లబడి ఉంటే బ్రాసో పెట్టి రుద్దాలనిపిస్తుంది, రుద్దితే రెండు నిమిషాల్లో కింద ఇత్తడి తేలుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, ఒక చుక్క సబ్బు, దూది, అంతే, దూది కూడా ఆనించి తియ్యాలి తప్ప రుద్దకూడదు. కొంచెం మసకగా ఉన్న అసలు రిఫ్లెక్టర్, మెరిసే గోల్డ్ స్ప్రే కన్నా ఎన్నో రెట్లు మేలు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. డైనమో చచ్చిపోయింది అనుకుని తుక్కులో వేసేవాటిలో చాలావాటికి అసలు ఏమీ అవదు. మామూలు డైనమో 6 వోల్టులు, 3 వాట్లు ఇస్తుంది, ముందు బల్బుకి 2.4, వెనక బల్బుకి 0.6. డైనమో నుంచి లైటుకి వెళ్ళేది ఒకటే వైరు, తిరుగు దారి సైకిల్ ఫ్రేమే. బ్రాకెట్‌లో మొన తేలిన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, అది ఫోర్క్ మీద పెయింట్‌ని పొడుచుకుని ఇనుముని తాకాలి, అప్పుడే సర్క్యూట్ పూర్తవుతుంది. ఆ మొన దగ్గర తుప్పు పట్టినా, ఎవరైనా కొత్తగా రంగు వేసి ఆ స్క్రూ బిగించకపోయినా లైటు వెలగదు. స్క్రూ తీసి మొన గీకి, రెండు చుక్కల నూనె బేరింగ్‌లో వేసి, మళ్ళీ బిగించి చక్రం తిప్పితే ముందు ఎర్రగా మిణుకుమని, స్పీడు పెరిగేకొద్దీ పసుపు, ఆపైన తెలుపు. అనుమానం ఉంటే మల్టీమీటర్ ఏసీలో పెట్టి చూడాలి, డీసీలో పెట్టి సున్నా చూపించింది అంటే లాభం లేదు, అది ఇచ్చేది ఏసీనే. వెనక బల్బు పోతే వెంటనే మార్చండి కూడా, దాని వంతు కరెంటు ముందు బల్బుకి వెళ్ళి అదీ మాడిపోతుంది.

స్టర్మీ ఆర్చర్ అనే సైకిల్ పార్టుల కంపెనీ వాళ్ళ డైనోహబ్ అయితే, అదే చక్రం మధ్యలో హబ్‌లోనే ఉండే డైనమో, దాన్ని విప్పి శుభ్రం చేద్దామని లోపలి కాయిల్ భాగాన్ని అయస్కాంతం రింగులోంచి ఊరికే బయటకి లాగెయ్యకూడదు. అలా లాగితే అయస్కాంతం బలం తగ్గిపోతుంది, తిరిగి పెట్టినా మునుపటి వెలుగు రాదు. దాని బదులు ఇనప ముక్క ఒకటి ఆ చోట్లోకి జరుపుతూ బయటకి తియ్యాలి. ఇలాంటివి ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తాయి?

విప్పేటప్పుడు కూడా ఓపికే ఇందులో సగం పని. పట్టేసిన నట్టుకి నూనె వేసి రాత్రంతా వదిలెయ్యాలి, ముందు కాస్త బిగించే వైపు కదిపి తర్వాత విప్పాలి, విప్పే ముందు ఫోటో తీసుకోవాలి. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, అది తెలియక బలం పెట్టి త్రెడ్ పాడుచేసిన సైకిళ్ళు ఎన్నో. కాటర్ పిన్నుని, అంటే పెడల్ ఉండే కడ్డీని (క్రాంకుని) ఇరుసుకి బిగించే పిన్నుని, నేరుగా సుత్తితో కొడితే మర నలిగిపోతుంది, కింద క్రాంకుకి ఆనిక పెట్టి కొట్టాలి.

గోల్డ్ స్ప్రే మాటకొస్తే, దాని కింద పూడిపోయేది రంగొక్కటే కాదు సార్. తయారీదారు పేరు, పేటెంట్ నంబరు, లైటు మోడల్ అన్నీ లోహం మీద సన్నగా గుద్ది ఉంటాయి. స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్‌లలో చాలావాటి మీద తయారైన సంవత్సరం కూడా అంకెల్లో ఉంటుంది, ఆ సైకిల్ వయసు తెలుసుకోవడానికి ఒక్కోసారి అదొక్కటే ఆధారం. పాత కార్బైడ్ లైట్లకి పక్కన చిన్న రంగు అద్దాలు ఉంటాయి, ఓడల్లో లాగే ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ. వాటి మీద స్ప్రే పడితే తియ్యడం నరకం. కార్బైడ్ లైటు దొరికితే శుభ్రం చేసి దాచుకోండి గానీ వెలిగించే ప్రయత్నం మాత్రం దాని సంగతి బాగా తెలిసినవాళ్ళు పక్కన లేకుండా వద్దు, నీళ్ళు తగిలితే కార్బైడ్ ఇచ్చేది ఎసిటిలిన్ గ్యాస్, లీకైతే పేలుతుంది.

కాబట్టి మీకు నా విన్నపం, ఆ యాసిడ్ సలహా తప్పు అని వచ్చే ఆదివారం అదే పేజీలో అదే సైజు అక్షరాల్లో వెయ్యండి. అలంకరణకే కావాలంటే పగిలిపోయిన, పార్టులు లేని లైట్లు బోలెడు ఉంటాయి, వాటికి రంగులు వేసుకోమనండి. అద్దం, రిఫ్లెక్టర్, స్విచ్ అన్నీ ఉన్న లైటు ఎవరి అటక మీదైనా దొరికితే మాత్రం ముందు ఒక బల్బు పెట్టి వెలుగుతుందేమో చూడమని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు