టీవీ కింద పెట్టబోయే కంప్యూటర్ గురించి

కన్నా,

నువ్వు పంపిన విడిభాగాల జాబితా మీ నాన్న, నేను కూర్చుని చదివాం. ఆటలు ఆడుకునే కంప్యూటర్‌కైతే భేషుగ్గా ఉంది. మనకు కావలసింది మాత్రం నాన్నమ్మ సోఫాలోంచి లేవకుండా టీవీలో వీడియోలు చూసుకునే పెట్టె. కాబట్టి జాబితాను కింద నుంచి పైకి చదువుదాం. ఏం చూస్తాం, ఎవరు మీట నొక్కుతారు, పెట్టె ఎక్కడ కూర్చుంటుంది అన్నవి తేలాక ప్రాసెసర్ సంగతి.

ముందు ఆ గ్రాఫిక్స్ కార్డు కొట్టేయి. అదొక్కటే 200 వాట్లకు పైగా లాగుతుంది, సినిమా చూడటానికి దానితో పనే లేదు. ఈ రోజుల్లో వీడియోలు హెచ్‌ఈవీసీ, ఏవీ1 వంటి పద్ధతుల్లో కుదించి ఉంటాయి. వాటిని విప్పే ప్రత్యేక భాగం చిప్పులోనే ఉంటే మిగతా చిప్పు కునుకు తీస్తూనే 4కే బొమ్మ చూపిస్తుంది. అది లేకపోతే ప్రాసెసర్ మొత్తం ఆ పనికే చెమటోడుస్తుంది, ఫ్యాను హోరెత్తుతుంది. 2023 మొదట్లో వచ్చిన ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్పు 6 వాట్ల తరగతిది, అయినా పై రెండు పద్ధతులనూ విప్పగలదు. మీ నాన్న అటక మీది పాత ఆఫీసు కంప్యూటర్ దింపుదామంటున్నారు. అందులో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్. రంగు ఛాయలు ఎక్కువగా ఉండే 10 బిట్ల హెచ్‌ఈవీసీని పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పడం ఏడో తరం నుంచే మొదలైంది. ఏవీ1 అయితే 2018లో కానీ ఖరారు కాలేదు, దాన్ని ఆ చిప్పు ఎరగదు. ఆయనకు ఈ మాట నువ్వే చెప్పు, నేను చెబితే పంతం అనుకుంటారు.

చప్పుడు విషయంలో నేను రాజీపడను. సినిమాలో ఇద్దరు గుసగుసగా మాట్లాడుకునే చోట పక్కనే ఫ్యాను గుయ్‌మంటుంటే సరదా అంతా పోతుంది. ఫ్యాను లేకుండా, లోహపు పెట్టే వేడిని బయటికి పంపే రకం దొరికితే సరేసరి. ఫ్యాను తప్పకపోతే పెద్దది, నెమ్మదిగా తిరిగేది వెయ్యి. అంతే గాలిని తోలడానికి చిన్న ఫ్యాను చాలా వేగంగా తిరగాలి, దాని గోల ఎక్కువ. హార్డ్ డిస్కును అసలు హాల్లోకే రానివ్వకు. పెట్టెలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉండాలి, బరువైన ఫైళ్లన్నీ రూటర్ పక్కనున్న డిస్కులో ఉంటాయి. రెంటికీ మధ్య వైఫై మీద ఆశపెట్టుకోకు. 4కే బ్లూరే డిస్కు వేగం సెకనుకు 128 మెగాబిట్ల దాకా వెళ్లవచ్చు. గోడ అవతలి నుంచి వచ్చే వైఫై దాన్ని ఒకరోజు మోస్తుంది, మరో రోజు సరిగ్గా పతాక సన్నివేశంలో చతికిలబడుతుంది. గిగాబిట్ నెట్‌వర్క్ తీగ లాగేద్దాం. గోడకు రంధ్రం మీ నాన్న పని.

ఇక రిమోట్. అసలు పరీక్ష ఇక్కడే. నాన్నమ్మ బొటనవేలు మీట మీద పడ్డాక కాసేపు అక్కడే ఉంటుంది, అందుకే ఒక్కసారి నొక్కానంటూ నాలుగు మెనూలు దాటి వెళ్లిపోతుంది. ఆవిడ ముందు మౌసు, కీబోర్డు పెట్టే ఆలోచన వద్దు. టీవీ రిమోట్‌తోనే పెట్టెను నడపాలంటే హెచ్‌డీఎంఐలో సీఈసీ అనే సౌకర్యం కావాలి. రాస్ప్‌బెర్రీ పైలో అది ఉంటుంది కానీ, మామూలు పీసీల్లో చాలావాటికి ఉండదు. కాబట్టి యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ గానీ, ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ గానీ జాబితాలో చేర్చు. నువ్వు రాసిన రంగుల దీపాల క్యాబినెట్ కంటే ఈ చిన్న ముక్క ముఖ్యం.

సాఫ్ట్‌వేర్ నీ ఇష్టం. వీడియోలను వరసగా పేర్చి చూపించే కోడీ పాత కాపు, 2002లో ఎక్స్‌బాక్స్ మీద మొదలైంది. పెట్టె ఆన్ చేయగానే నేరుగా అదే తెరుచుకోవాలంటే లిబ్రెఎలెక్ అనే చిన్న లినక్స్ వ్యవస్థ సరిపోతుంది. వేసిన వెంటనే రెండు చోట్ల చూడు. మొదటిది, రిఫ్రెష్ రేటును వీడియోకు తగ్గట్టు మార్చే అమరిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు తెర మారుస్తుంది. లెక్క కుదరక ఒక ఫ్రేము రెండుసార్లు, మరుసటిది మూడుసార్లు కనిపిస్తుంది, కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్లలో బొమ్మ కుదుపుతుంది. రెండోది నలుపు. 0 నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో వీడియో నలుపు 16 దగ్గర మొదలవుతుంది, కంప్యూటర్‌కు 0 దగ్గర. పెట్టె, టీవీ ఒకే మాట మీద లేకపోతే చీకటి బూడిద రంగులోకి తిరుగుతుంది, లేదా నీడల్లోని వివరాలన్నీ మునిగిపోతాయి.

ఓటీటీలు ఇందులో పెట్టాలని పట్టుబట్టకు. కాపీ రక్షణ నిబంధనల వల్ల చాలా సంస్థలు లినక్స్ బ్రౌజర్లకు పూర్తి నాణ్యత ఇవ్వవు. వాటిని టీవీలోని యాప్‌లలోనే చూసుకుందాం.

మరి ఈ పెట్టె ఎందుకంటావా? మీ చిన్నప్పటి మినీడీవీ టేపుల కోసం. పాత క్యామ్‌కార్డర్ నుంచి ఫైర్‌వైర్ తీగతో అన్నీ ఎక్కించాను, గంటకు దాదాపు 13 జీబీ. టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి చూస్తే కొన్ని అసలు తెరుచుకోలేదు. తెరుచుకున్న వాటిలో చెల్లి పరుగెత్తుతుంటే దాని అంచులన్నీ దువ్వెన పళ్లలా చీలిపోయాయి. ఆ కెమెరాలు సరి గీతలను, బేసి గీతలను వేర్వేరు క్షణాల్లో తీసేవి, వాటిని సరిగ్గా కలపడానికి డీఇంటర్‌లేసింగ్ చేయాలి. కోడీలో ఆ సదుపాయం ఉంది, ఎన్100 దాన్ని అవలీలగా చేస్తుంది. సినిమాల డిస్కు పోతే పోనీ, ఈ ఫైళ్లకు మాత్రం రెండో ప్రతి వేరే డిస్కులో, వేరే ఇంట్లో ఉండాలి. ఒకటి నీ దగ్గర ఉంచుకో.

టీవీ కింది అర లోతు 34 సెంటీమీటర్లు. వెనుక హెచ్‌డీఎంఐ తీగ వంగడానికి చోటు వదిలి పెట్టె కొలత ఎంచుకో. ర్యామ్ 8 జీబీ చాలనుకుంటున్నాను, నువ్వు 16 అంటే వాదించను. కొత్త జాబితా పంపితే ఆర్డర్ పెట్టేస్తాను, నువ్వు సెలవులకు వచ్చేసరికి అన్నీ ఇంట్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ తానే బిగిస్తానని చెల్లి ఇప్పటినుంచే చెబుతోంది, అడ్డుపడకు.

అమ్మ