చివర 616 కాదండీ, 615

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో చదరంగం గళ్లు, గింజల కథ వేశారు, మొదటి గడిలో ఒక గింజ పెట్టి, ఆపైన గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపే కథ. కథ బాగుంది కానీ మొత్తం గింజల లెక్క చివర 616 అని పడింది, అది తప్పు. మొదటి గడిలో ఒక్క గింజ, మిగతా 63 గళ్లలోనూ సరిసంఖ్యలే, అలాంటప్పుడు మొత్తం బేసి కాకుండా ఎలా ఉంటుంది? మీరు వేసింది 65వ గడిలో పడాల్సిన లెక్క, చదరంగం బల్లకి ఆ గడే లేదు. అసలు సంఖ్య 18446744073709551615.

మా మనవడు ఫోన్‌లో కొట్టి చూశాడు. కాలిక్యులేటర్ ముందు నాలుగు అంకెలు చూపించి, పక్కన ఏదో ఇంగ్లీషు అక్షరం పెట్టి చేతులెత్తేసింది. నాకు ఫోన్ అక్కర్లేకపోయింది, ఎందుకంటే నా చిన్నప్పుడు మా తాత ఒక చాటుపద్యం బట్టీ పట్టించాడు. శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు 5, చంద్రుడు 1, ఒంట్లో రంధ్రాలు 9, ఆకాశం సున్నా, కొండలు 7, బ్రహ్మ ముఖాలు 4, దిగ్గజాలు 8, ఇలా ఒక్కో మాటకి ఒక్కో అంకె వేసుకుంటూ కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే 20 అంకెలూ దిగుతాయి. మధ్యలో ఒక మాట జారిపోతే గణం తప్పి చెవికే తెలిసిపోతుంది, మీ అచ్చులో ఆ సౌకర్యం లేదు (కోప్పడకండి, సరదాకే అన్నాను).

ఇంకో సంగతి. చూడ్డానికి కొండలా ఉన్నా ఈ సంఖ్య చాలా సులువుగా విడిపోతుంది. అంకెలు కూడితే 87, అంటే 3తో పోతుంది, చివర 5 ఉంది కాబట్టి 5తోనూ పోతుంది. ఈ సంఖ్య 64 రెళ్లని గుణించి ఒకటి తీసేస్తే వచ్చేదే కాబట్టి, ఎనిమిదో తరగతిలో చెప్పే ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రాన్నే మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 అని ఆరు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క దాని ముందున్న వాటన్నిటి లబ్ధం కంటే సరిగ్గా 2 ఎక్కువ, మావాడు 3 ఇంటూ 5 ఇంటూ 17 అంటే 255 అని కాగితం మీద వేసి చూసుకుని ఎగిరి గంతేశాడు. వీటిలో చివరిది కూడా ప్రధాన సంఖ్యే అని గణిత పండితుడు ఫెర్మా అనుకున్నాడు, 1732లో ఆయిలర్ అనే ఇంకో గణిత పండితుడు దాన్ని 641, 6700417 అని రెండుగా విరిచేశాడు. ఫెర్మా అంత పెద్దాయన కూడా పొరబడ్డాడు కాబట్టి మీ 616 గురించి మరీ బాధపడకండి.

సవరణ వేసేటప్పుడు సంఖ్యతో పాటు ఆ పద్యం కూడా పూర్తిగా వేయండి. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరే అయినా, మావాడు ఒడియా మీడియం, తెలుగు ఇంకా కూడబలుక్కుంటూ చదువుతాడు, కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే మేలు.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా